వానాకాలం హాజరు

వేసవి సెలవుల్లో బడికి పోయే పంతులమ్మ ఉంటుందంటే బస్సు కండక్టరు కూడా నమ్మలేదు. "సెలవులు గద అమ్మా, ఎటు బోతున్నరు?" అని మొదటి వారం అడిగాడు. రెండో వారం నుంచి అడగడం మానేసి, ఊరికే జాలిగా చూసి టికెట్టు చింపి ఇస్తున్నాడు.

హైమావతికీ ఇందులో సరదా ఏమీ లేదు. రామచంద్రాపురం క్వార్టర్స్‌లో ఐదింటికి లేచి, మొదటి షిఫ్టుకు వెళ్ళే భర్తకు క్యారేజీ కట్టి, పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డికి ఒక బస్సు, అక్కడ ఇంకో బస్సు, దిగాక రెండు మైళ్ళ నడక, ఆ నడక చివర మంజీర ఏరు. ఏటి మధ్యలో గుండ్లదిబ్బ. ముప్పై గడపలు, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ, అన్నిటికీ కలిపి ఆవిడ ఒక్కతే.

పట్నానికి మంచినీళ్ళ కోసం దిగువన కట్ట కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని ఈ ఊరి చుట్టూ చేరాయి. ఊరు దిబ్బ అయింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడికి పుట్టి వెయ్యాలంటే పుట్టుకతో చేపలు పట్టినవాళ్ళు కూడా వెనకాడతారు. అదే ఎండాకాలమైతే నీళ్ళు మోకాళ్ళ దాకా దిగిపోయి, చంటిపిల్లను చంకనేసుకుని ఆడమనిషి నడిచి దాటవచ్చు. సర్కారు క్యాలెండరు తయారుచేసే పెద్దలకు ఈ సంగతి ఎవరూ విన్నవించుకున్నట్టు లేదు. ఏరు దాటనివ్వని నెలల్లో బడి ఉంటుంది, ఏరు దారి ఇచ్చిన నెలల్లో సెలవులుంటాయి. ఎవరిని తిట్టాలో తెలియక హైమావతి రెండేళ్ళ నుంచి ఎండాకాలం సోమ, బుధ, శనివారాలు దిబ్బకు వచ్చి చదువు చెబుతోంది. దానికి హాజరు పట్టీ లేదు, జీతం లేదు. వానాకాలం రాలేకపోయిన బాకీ అలా తీరుతుందని ఆవిడ అనుకుంది.

ఆ సోమవారం ఆవిడ చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిబ్బ ఎక్కేసరికి ఎనిమిదిన్నర అయింది. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. షెడ్డులో రేకులు కాలిపోతాయి కాబట్టి వేసవిలో బడి ఏటి ఇసుకలో, పుచ్చపాదుల మధ్య. పిల్లలు ఎలాగూ పొద్దున్నే పాదులకు నీళ్ళు పోయాలి. చెలిమె తవ్వి, ఊరిన నీళ్ళు చిన్న కుండతో తోడి, పాదు పాదుకూ పోసుకుంటూ పోవాలి. బడికి రమ్మంటే పాదులు ఎండుతాయి. అందుకని బడే పాదుల దగ్గరికి వచ్చింది.

"ఒక పాదుకు మూడు కుండలు. ఈ సాల్ల పదిహేను పాదులు. ఎన్ని కుండలు?" పదకొండేళ్ళ మల్లమ్మ చెలిమెలోకి వంగే అడుగుతోంది. ఐదో తరగతి పూర్తి చేసిన పిల్ల. పరికిణీ మోకాళ్ళ పైకి దోపి, జడ మెడచుట్టూ వేసుకుంది.

"నలభై అయిదు," అంది ముత్యమ్మ. మూడో తరగతి. తొమ్మిదేళ్ళుంటాయి, పై పళ్ళు రెండు ఊడి ఉన్నాయి.

"మంచిగ లెక్కబెట్టి సెప్పినవా, ఊకె అన్నవా?"

"లెక్కబెట్టినక్కా."

తడి ఇసుకలో చిన్నపిల్లలు పుల్లలతో అక్షరాలు దిద్దుతున్నారు. ఒక పాదు పక్కన తీతువు గుడ్లు పెట్టిందని ఆ పాదుకు నీళ్ళు అటువైపు నుంచి పోయకుండా రాళ్ళు పేర్చారు. ఎవరు చెప్పారో హైమావతికి తెలియదు, తను మాత్రం చెప్పలేదు. ఏరు, పిట్టలు, చెట్లు, వాన, ఎండ, వీటినే పుస్తకం చేసుకుని పాఠం చెప్పమని పైనుంచి రెండేళ్ళ కిందట ఒక కరపత్రమూ ఒక లావుపాటి నోటుబుక్కూ వచ్చాయి. ఆ నోటుబుక్కు మల్లమ్మకు ఇచ్చి, ఏటి ఒడ్డున గాట్లు పెట్టిన తుమ్మకట్టె పాతించి, రోజూ ఎన్ని గాట్లు మునిగాయో, ఆ రోజు ఏం కనిపించిందో రాయమంది. ఒక్కటే షరతు. కళ్ళతో చూసిందే రాయాలి.

"పంతులమ్మా, నేను నలభై కొంగల్ని సూసిన," అన్నాడొక బుడతడు.

"నలభయా?" అంది మల్లమ్మ. "నాకు పదమూడే అగుపడ్డయి. పదమూడు రాస్త."

హైమావతికి నవ్వు వచ్చింది. కుండ పక్కన పెట్టి కూర్చుంటే నడుము పట్టేసింది. ఇంకో పదిహేను రోజుల్లో ఈ పిల్ల సంగారెడ్డి ఆడపిల్లల హాస్టల్లో చేరితే తనకు ఈ తిరుగుడంతా దక్కినట్టే. గుండ్లదిబ్బ నుంచి ఆరో తరగతికి వెళ్ళే మొదటి పిల్ల. జాబితాలో పేరు కూడా వచ్చింది. ఐదో తరగతి హాజరు సరిపోయిందని కాగితం అందితే చాలు.

*

కాగితం మంగళవారం సాయంత్రం వచ్చింది. కానీ ఆవిడ ఎదురుచూసిన కాగితం కాదు.

భర్త నరసరాజు షిఫ్టు దిగి వచ్చి, గ్రీజు మరకల చేతులు కిరోసిను గుడ్డతో తుడుచుకుంటూ ఉత్తరం చదివి వినిపించాడు. "గత ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఏరు పొంగి రాకపోకలు స్తంభించిన దినములందును గుండ్లదిబ్బ పాఠశాలలో పద్నాలుగురు విద్యార్థులకు పద్నాలుగురును హాజరైనట్లు నమోదు కనబడుచున్నది. గురువారము ఇన్‌స్పెక్టరువారు స్వయముగా విచారించెదరు. విద్యార్థులను సమావేశపరచి యుంచవలెను. వసతిగృహపు సీటు విషయము విచారణానంతరము తేల్చబడును." చదివి మడతపెట్టాడు. "ఏంటే ఇది? వరదలో కూడా అందరూ వచ్చారని రాశావా?"

"రాశాను."

"ఒకరిద్దరన్నా రాలేదని రాయొద్దూ? మరీ పద్నాలుగుకి పద్నాలుగేంటి?"

హైమావతి ఉత్తరం అందుకుని బల్ల మీద పెట్టింది. అక్టోబరులో ఒక ఆదివారం ఇదే బల్ల దగ్గర కూర్చుని రెండు నెలల హాజరూ ఒక్క బిగిన రాసేసింది. రాయకపోతే పిల్లలకు ఏడాది పోతుంది. రాస్తే అబద్ధం. అప్పటికి వారం రోజులు వరసగా ఏటి ఒడ్డు దాకా వెళ్ళి, ఎర్రటి నీళ్ళు చూసి వెనక్కి వచ్చిన మనిషి. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. ఆలోచించే ఓపిక లేక అన్ని గళ్ళూ ఒకేలా నింపింది. తన సంతకాలు కూడా అదే ఊపులో పెట్టింది.

"అందరూ రాసేదే," అన్నాడు నరసరాజు, ఈసారి మెత్తగా. "మా ఫ్యాక్టరీలో లేరూ, రాని వాడికి హాజరు పంచింగు కొట్టేవాళ్ళు. నువ్వు వచ్చావనే చెప్పు. పిల్లలు కూడా అదే చెబితే ఆయన చేసేదేముంది?"

అన్నం పెట్టి, గిన్నెలు కడుగుతుంటే ఆవిడకు గుర్తొచ్చింది. నోటుబుక్కు. ఏటి కట్టె, పిట్టలు, రోజూ జరిగింది జరిగినట్టు. 'పంతులమ్మ రాలేదు' అని ఆ పిల్ల తప్పకుండా రాసి ఉంటుంది. చూసిందే రాయమని చెప్పింది తనే. అక్టోబరులో వెళ్ళగానే మల్లమ్మ పుస్తకం తెచ్చి ఇస్తే, ఆ పేజీలన్నిటికీ ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి ఇచ్చేసింది. ఒక్క వాక్యం కూడా చదవలేదు.

*

బుధవారం పిల్లలందరికీ పాఠం చెప్పి, పంపించి, మల్లమ్మను ఆపింది. మల్లమ్మ తాత జంగయ్య పుట్టి బోర్లించి, వెదురు అంచుకు తోలు బిగిస్తున్నాడు. తల్లిదండ్రులు లేని పిల్ల. ఈ తాతే పెంచుతున్నాడు.

"రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తారు మల్లమ్మా. వానాకాలంలో నేను వచ్చానా అని అడుగుతారు."

"ఆ."

"వచ్చానని చెప్పాలి. రోజూ వచ్చానని."

మల్లమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. కోపం లేదు. అర్థంకాని లెక్కను చూసినట్టు చూసింది. "మీరు రాలే గద పంతులమ్మా?"

"రాలేదు. కానీ రాలేదని చెబితే నీకు హాస్టల్లో సీటు ఇవ్వరు."

జంగయ్య తోలు వారు పళ్ళతో లాగి ముడివేసి, అప్పుడు నోరు తెరిచాడు. "సెప్తది తియ్యమ్మా. మీరు జెర పరేషాన్ గాకుండ్రి. పిల్ల బతుకు ఒడ్డునబడుతదంటే ఒక్క మాట ఏముంది? సెప్పే, సెప్తనని సెప్పు."

"సెప్త," అంది మల్లమ్మ.

"ఆ నోటుబుక్కు కూడా ఇవ్వు. మళ్ళీ తెస్తాను," అంది హైమావతి. మళ్ళీ తేవాలని ఆవిడ అనుకోలేదు. ఆ రెండు నెలల పేజీలు చింపి పొయ్యిలో పెట్టాలనుకుంది. మల్లమ్మ గుడిసెలోకి వెళ్ళి, చూరులో దాచిన సంచి దించి, నోటుబుక్కు తీసి, అట్ట మీది మసి పావడా అంచుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చింది.

సంగారెడ్డిలో బస్సు ఎక్కాక కిటికీ పక్క సీటు దొరికింది. రెండో షిఫ్టు వాళ్ళంతా వెళ్ళిపోయిన వేళ, బస్సు సగం ఖాళీ. చింపబోయే ముందు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో చూద్దామని ఆవిడ పుస్తకం తెరిచింది.

'ఆగస్టు 6. తొమ్మిది గాట్లు మునిగినయి. నీళ్ళు ఎర్రగ ఉన్నయి. పంతులమ్మ రాలేదు. బడికి పన్నెండు మందిమి వచ్చినం. చిన్నోళ్ళకు అ నుంచి ఔ దాక చెప్పిన. ఐలయ్య ఏడ్చిండు.' పక్కన ఎర్ర టిక్కు.

హైమావతి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. బడికి పన్నెండు మందిమి వచ్చినం.

'ఆగస్టు 7. పది గాట్లు. పంతులమ్మ రాలేదు. తూర్పు మూలకు కారుతున్నది. అందరం ఈ పక్కకు జరిగి కూసున్నం. పద్నాలుగు మంది. రెండో తరగతికి మూడో ఎక్కం అప్పజెప్పించిన.' టిక్కు.

'ఆగస్టు 24. కట్టె కనబడలేదు. బడిల నీళ్ళు వచ్చినయి. తాత ఇంట్ల బడి పెట్టినం. తొమ్మిది మంది. చెట్టు మీద పాము కనబడ్డది. దాన్ని చూసి బొమ్మ గీసినం.' కింద పాము బొమ్మ. దాని మీదుగా టిక్కు.

ఆగస్టు అంతా ఉంది. సెప్టెంబరు అంతా ఉంది. ఆదివారాలు బడి లేదని కూడా రాసి ఉంది. ఎవరు ఎందుకు రాలేదో, ఎవరికి జ్వరమో, ఎవరి అమ్మ నాట్లకు తీసుకుపోయిందో ఉంది. వరదలో రెండు నెలలు గుండ్లదిబ్బలో బడి నడిచింది. పదకొండేళ్ళు కూడా నిండని పిల్ల నడిపింది. తను ఇంట్లో కూర్చుని రాసిన హాజరు అబద్ధమని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. పిల్లల హాజరు దాదాపు నిజమే. అందులో పచ్చి అబద్ధం తన సంతకం ఒక్కటే.

'సెప్టెంబరు 5. ఏడు గాట్లు. పంతులమ్మ రాలేదు. నాలుగో తరగతి లెక్కలల్ల భిన్నాలు నాకే సరిగ రావు. రేపు చెప్త అన్న.'

'సెప్టెంబరు 6. ఏడు గాట్లు. భిన్నాలు ఇంక రాలేదు. చెప్పలేదు. పంతులమ్మ వచ్చినంక అడగాలె.'

దాని పక్కన కూడా ఎర్ర టిక్కు ఉంది. మిగతా వాటికంటే పెద్దది, తోక సాగదీసి, తొందరగా కొట్టిన టిక్కు. హైమావతి ఆ టిక్కును వేలితో కప్పింది. తెలియనివాళ్ళ ముందు బస్సులో ఏడ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్వార్టర్స్ స్టాపు ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. లింగంపల్లిలో దిగి, ఎదురుబస్సు దొరక్క, అంత దూరమూ వెనక్కి నడిచింది.

"ఇది రేపు ఆయనకు చూపిస్తాను," అంది ఇంట్లో అడుగుపెట్టగానే.

నరసరాజు పుస్తకం తిరగేసి చూశాడు. అతను చదువుకున్నది తక్కువే గానీ చదవగానే అర్థమైంది. చాలాసేపు పాము బొమ్మ చూస్తూ ఉండిపోయాడు. "చూపిస్తే నీ ఉద్యోగం పోద్ది హైమా."

"చూపించకపోతే ఆ పిల్ల చేసిందంతా నేను చేసినట్టవుతుంది. మీరైతే ఊరుకుంటారా, మీరు మిషను మీద తిప్పి చేసిన పని మీద ఇంకొకడు పేరు కొట్టుకుంటే?"

"ఊరుకోను," అన్నాడతను. పుస్తకం మూసి ఆవిడకిచ్చి, "ఊరుకున్నాను కూడా," అన్నాడు.

*

గురువారం పిల్లలకంటే ముందుగా వెళ్ళి మల్లమ్మతో మాట్లాడాలనుకుంది. చెప్పమన్నది చెప్పొద్దని చెప్పాలి. కానీ సంగారెడ్డిలో ఆవిడ ఎక్కిన బస్సులోనే ఇన్‌స్పెక్టరు భీమశంకరంగారు ఉన్నారు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి, నల్ల గొడుగు, గుడ్డసంచి. బస్సు దిగిన దగ్గర నుంచి ఏరు దాకా ఆయన తన మోకాళ్ళ గురించి చెప్పారు. ఏటి ఒడ్డున పంట్లాము మడుచుకోవడానికి అవస్థ పడుతూ, "ఇక్కడ బడి పెట్టమని ఏ మహానుభావుడు రాశాడో," అని గొణిగారు. జంగయ్య ఆయన రెక్క పట్టుకుని నీళ్ళు దాటించాడు. హైమావతి సంచిలో పుస్తకం పెట్టుకుని వెనకే నడిచింది.

పిల్లలంతా తలలకు నూనె రాసుకుని షెడ్డు నీడన వరసగా కూర్చుని ఉన్నారు. ఆయన కోసం నులకమంచం వేశారు. భీమశంకరంగారు హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఒకరిద్దరిని ఎక్కాలడిగారు. చెప్పారు. పద్యం అడిగారు. చెప్పారు. జవాబు చెప్పే ముందు చిన్నపిల్లలు తన వైపు కాకుండా మల్లమ్మ వైపు చూస్తున్నారని హైమావతి ఆ రోజే గమనించింది. రెండేళ్ళుగా అలాగే చూస్తున్నారు కాబోలు.

"హాస్టలు పిల్ల ఎవరమ్మా? నువ్వా? లే. వానాకాలంలో, ఏరు నిండుగా ఉన్నప్పుడు, మీ టీచరుగారు వచ్చారా?"

హైమావతి నోరు తెరిచే లోపల మల్లమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "వచ్చింది సార్. రోజూ వచ్చింది. మా తాత పుట్టిల తెచ్చిండు. నీళ్ళల్ల మొసలి ఉన్నదన్నా పంతులమ్మ బుగులుపడలె. బడిల నీళ్ళొస్తే మా ఇంట్ల సెప్పింది. పాము బొమ్మ గీపిచ్చింది."

అందంగా చెప్పింది. పుట్టి, మొసలి తప్ప అన్నీ జరిగినవే, చేసిన మనిషి పేరు మాత్రమే మార్చింది. మిగతా పిల్లలు తలలు వంచుకుని ఇసుకలో గీతలు గీస్తున్నారు. ముత్యమ్మ ఒక్కతే మల్లమ్మను నోరు తెరుచుకుని చూస్తోంది.

"శభాష్," అన్నారు భీమశంకరంగారు, కలం మూత తీస్తూ. ఆయన ముఖంలో పని తేలిపోయిన హాయి కనిపించింది.

అక్కడితో అయిపోయేది. హైమావతి కాసేపు అలా అయిపోతే బాగుండుననే అనుకుంది. అది దాచుకోవలసిన పనిలేదు, ఎవరైనా అనుకుంటారు. కానీ చేతులు కట్టుకుని నిలబడ్డ మల్లమ్మ మెడ మీద నరం కొట్టుకోవడం కనిపించింది.

"సార్, ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. అబద్ధం నేను చెప్పించాను," అంది. "ఆ రెండు నెలలూ నేను రాలేదు. బడి నడిచింది. ఆ పిల్లే నడిపింది." సంచిలోంచి పుస్తకం తీసి, ఆగస్టు దగ్గర తెరిచి, ఆయన చేతిలో పెట్టింది.

భీమశంకరంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఒక పేజీ చదివారు, ఇంకో పేజీ చదివారు. జంగయ్యతో, "పిల్లలకు పుచ్చకాయలు కోసిపెట్టవయ్యా," అన్నారు. పిల్లలు పాదుల వైపు వెళ్ళాక ఇంకా పది పేజీలు చదివారు. ఎర్ర టిక్కుల మీద వేలు పెట్టి తీసేశారు.

"ఎన్నేళ్ళ సర్వీసమ్మా మీది?"

"తొమ్మిది."

"టీచరు లేని బడి బడి కాదు. మన దగ్గర నిబంధన అది. మీరు రాలేదని రాశాననుకోండి, ఆ రెండు నెలలూ బడి మూతపడ్డట్టు. మూతపడ్డ బడికి పిల్లలు హాజరెలా అవుతారు? పిల్ల హాజరు పోతుంది, సీటు పోతుంది. మీ ఉద్యోగం సంగతి సరే."

"వాళ్ళు వచ్చారు కదండీ. తేదీలతో సహా ఉంది."

"వచ్చారు. నేను కాదన్నానా? ముప్పై నాలుగేళ్ళ నుంచి బడులు తనిఖీ చేస్తున్నాను. టీచర్లున్నా నడవని బడులు లెక్కలేనన్ని చూశాను. ఇలాంటిది చూడలేదు." ఆయన పుస్తకం మూసి, అట్టను అరచేత్తో ఒకసారి నిమిరి, ఆవిడకు తిరిగి ఇచ్చారు. "ఇప్పుడూ చూడలేదు. ఇది మీ దగ్గరే ఉంచండి."

తనిఖీ పుస్తకం తీసుకుని గబగబా రాశారు. రాసి ఆవిడ సంతకం కోసం తిప్పారు. 'వరద దినములందు సైతము ఏటికి వెరవక, పాఠశాలలో నీరు చేరినప్పుడు గ్రామస్థుని గృహమందు బోధన సాగించిన ఉపాధ్యాయురాలు శ్రీమతి హైమావతి కర్తవ్యదీక్ష మిక్కిలి ప్రశంసనీయము. విద్యార్థుల హాజరు సరియైనదిగా ధ్రువీకరించడమైనది.'

"ఇది నా గురించి కాదు సార్."

"నాకు తెలుసు. పేరు రాయడానికి అందులో ఒక్కటే గడి ఉంది. అందులో ఐదో తరగతి పిల్ల పేరు రాస్తే ఎవరి సీటూ మిగలదు. సంతకం పెట్టండమ్మా. నాకు పన్నెండింటి బస్సు ఉంది."

హైమావతి సంతకం పెట్టింది. చాలా అలవాటైన సంతకం. తనను ఎవరైనా ఇంత మెచ్చుకుంటూ రాయడం ఉద్యోగంలో ఇదే మొదటిసారి, ఆ అక్షరాలు మళ్ళీ చూడకుండా పుస్తకం మూసి ఆయనకు ఇచ్చేసింది.

*

జంగయ్య ఇన్‌స్పెక్టరును ఒడ్డుకు చేర్చడానికి వెళ్ళాడు. ఆయన గొడుగు దూరాన చిన్నదైపోతుంటే హైమావతి షెడ్డు గడప మీద కూలబడింది. సీటు వచ్చిందని చెబితే మల్లమ్మ గెంతులేస్తుందనుకుంది. ఆ పిల్ల పుచ్చకాయ రసం చేతులు పరికిణీకి తుడుచుకుని వచ్చి, సంగతి విని, కాస్త ఎడంగా కూర్చుంది.

"నిన్న చెప్పమన్నది తప్పు మల్లమ్మా," అంది హైమావతి. "అలా నిన్ను అడగకూడదు."

"కానియ్యండ్రి," అంది మల్లమ్మ, పెద్దవాళ్ళలాగా.

"నీకు భిన్నాలు రాలేదని రాశావు. నేను చూడలేదు. ఇప్పుడు కూర్చో, చెబుతాను."

"అవి ఎప్పుడో వచ్చినయి పంతులమ్మా. రొట్టె తుంపి సూసిన. ముక్కలు వేసుకుంటే సమజైంది." కాసేపు ఇసుకలో వేలితో గీసి, అసలు మాటకు వచ్చింది. "జూన్‌ల నేను పోత గద. మీకు సెప్పాలె. ఐలయ్యకు చదువు వస్తది, గని అందరి ముందల అడిగితే రాదు. దగ్గరికి పిలిచి అడగాలె. శివమ్మ రెండో తరగతిది, ఆమె పలక మా ఇంట్లనే ఉంటది, ఆల్ల నాయిన పగలగొడుతడు. తూర్పు దిక్కు కారుతది, ఆ దిక్కు ఎవరిని కూసోబెట్టొద్దు. నాట్లప్పుడు పెద్ద పిల్లగాళ్ళు పొద్దుగాల రారు, పొద్దు గూకే ముంగట వస్తరు. అప్పుడు ఆల్లకు వేరే సెప్పాలె."

హైమావతి సంచి తడిమి, మంగళవారం వచ్చిన ఉత్తరం తీసి, దాని వెనక వైపు అన్నీ రాసుకుంది. ఐలయ్య, శివమ్మ పలక, తూర్పు మూల. కొత్తగా వచ్చిన టీచరు పాత టీచరు దగ్గర బడి ఒప్పజెప్పించుకున్నట్టు ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. రెండేళ్ళుగా చదువు చెబుతున్నా ఈ పిల్లల గురించి తనకు తెలియనివి అందులో సగం ఉన్నాయి.

"ఇంకేమన్నా ఉందా?"

"ఇంగేం లేదు. వానాకాలం బడికి ముత్యమ్మకు సెప్పిపెట్టిన. ఇప్పటికి ఎక్కాలు, గుణింతాలు సెప్పొస్తది. కట్టె కాడ గాట్లు సూసుడు నేర్పిన. మీరు రానప్పుడు ఆమె పెడతది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే హైమావతికి తేలికగా ఉండేది. వానలు పడతాయి, నాట్లు పడతాయి, పంతులమ్మ రాదు, అన్నంత మామూలుగా అంది.

"ముత్యమ్మ చిన్నపిల్ల. ఆ పిల్లే ఇంకా చదువుకోవాలి," అంది హైమావతి. "ఈ ఏడు నేను వస్తాను మల్లమ్మా. ఏరు నిండే ముందే వచ్చి, ఇక్కడే ఉంటాను. మీ తాతను అడుగుతాను, నీ చోట్లో పడుకుంటాను. మా ఇంట్లో చెప్పి వస్తాను."

మల్లమ్మ ఆవిడ వైపు చూసింది. ఎండలో నడిచి నడిచి కమిలిపోయిన ముఖం, ఏటి బురద ఆరి తెల్లబడ్డ పాదాలు, గడప పక్కన విడిచిన చెప్పులు. పెద్దలు ఏదైనా ఇస్తామని చెప్పినప్పుడు దిబ్బలో పిల్లలు ఎలా తలూపుతారో అలా తలూపింది.

"మంచిది పంతులమ్మా," అంది మర్యాదగా.

తర్వాత లేచి పాదుల దగ్గరికి వెళ్ళింది. ముత్యమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. "ఏడిసేటోన్ని ఎన్నడు గదమాయించకు. దగ్గర కూసోబెట్టుకో. ఆడు ఊకున్నంక సదువు సెప్పు."

ముత్యమ్మ ఊడిన పళ్ళ సందులో నాలుక పెట్టుకుని, శ్రద్ధగా వింటోంది.